ఇల్లు తిరుగుతాండాదా, నువ్వు తిరుగుతాండావా?

ఉద్యోగం అయిపోయి కల్లూరులో ఇల్లు కట్టుకున్నాక మా వీధిలో నా గురించి అందరికీ తెలిసిన సంగతి ఒక్కటే, నేను చెవి డాక్టరునని. పాలు పోసే ఆయన గేటు దగ్గరే తల వంచి చెవి చూపిస్తాడు. పెళ్ళి భోజనాల దగ్గర నా చేతిలో పళ్ళెం ఉండగానే ఎవరో ఒకావిడ సెల్‌ఫోన్ టార్చి వెలిగించి నా చేతికిచ్చి, చెవి కమ్మ పక్కకు జరిపి, “కొంచెం చూడండి మేడమ్, గుబిలి ఉండాదేమో” అంటుంది. తిట్టుకుంటూనే చూస్తాను. చూశాక పప్పు చల్లారిపోయి ఉంటుంది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి మీ అనుభవాలు చెప్పండి మేడమ్ అని అడుగుతారు. పెద్ద పెద్ద ఆపరేషన్ల గురించి చెబుతానని వాళ్ళ ఆశ. ఆపరేషన్లు పుస్తకాల్లో ఉన్నాయి, చదువుకోండి. నా ఉద్యోగంలో సగం రోజులు ఒకే ఒక్క ఫిర్యాదు వినడంతో గడిచాయి. కళ్ళు తిరుగుతున్నాయి అన్న మాట. దాని గురించి పుస్తకాల్లో లేనిది కొంత నాకు తెలుసు. అందులో ఎక్కువ భాగం నవ్వు తెప్పించేదే. ఆ రోజుల్లో మాత్రం నాకు నవ్వు కంటే కోపమే ఎక్కువ వచ్చేది.

ఒక జబ్బు, మూడు వరసలు

మన భాషలో కళ్ళు ఊరికే తిరుగుతాయి. బంగారం ధర వింటే తిరుగుతాయి. ఎండలో నిలబడితే తిరుగుతాయి. ఒక్కపొద్దు ఉంటే తిరుగుతాయి. సినిమాలో పెళ్ళికాని పిల్లకు కళ్ళు తిరిగితే ఇంటర్వెల్ వేస్తారు. ఇన్ని చోట్ల వాడి అరగదీసిన మాటనే రోగి డాక్టరు దగ్గరికీ తెస్తాడు. డాక్టరు కూడా ఆ మాటను అంత తేలిగ్గానే వింటాడు.

నేను కర్నూలులో పనిచేసిన ఆసుపత్రిలో చీటీలు రాసే కిటికీ ఒకటి ఉండేది. అక్కడ రోగి నోట ముందు ఏ మాట వస్తే అదే అతని తలరాత. “కండ్లు తిరుగుతాండాయి” అంటే కంటి విభాగం. “తల తిరుగుతాండాది” అంటే నరాల విభాగం. “కడుపులో తిప్పుతాండాది” అంటే జనరల్ మెడిసిన్. జబ్బు ఒకటే, వరసలు మూడు. చెవి అనే మాట మాత్రం ఒక్క రోగి నోటా రాదు. ఎందుకు వస్తుంది? చెవిలో నొప్పి లేదు, చీము లేదు, మాట బాగా వినపడుతోంది.

ఆదోని వైపు నుంచి వచ్చిన ఒక రైతు మూడు వరసలూ పూర్తి చేసి నా గదిలోకి వచ్చాడు. చెవి నొప్పి అన్నాడు. చెవి చూస్తే శుభ్రంగా ఉంది. ఎక్కడయ్యా నొప్పి అని అడిగాను.

“నొప్పి లేదు మేడమ్, అబద్ధం చెప్పినా. అన్ని గదులూ చూస్తి, ఇదొగటే మిగిలింది. ఇది గూడా చూసి ఊరికి పోదామని.”

దూరం చూపుకు ఒక జత, దగ్గర చూపుకు ఒక జత అద్దాలు అప్పటికే అతని జేబులో ఉన్నాయి. అవి పెట్టుకున్నాక ఏమైనా తేడా ఉందా అని అడిగితే, ఉందన్నాడు. ఇంతకుముందు ఇల్లు మసకగా తిరిగేదట, ఇప్పుడు స్పష్టంగా తిరుగుతోందట. వైద్యం వల్ల అతనికి జరిగిన మేలు అదొక్కటే. అతని జబ్బు చెవిదే. మిగిలిన గది చూసి పోదామనుకోకపోయి ఉంటే అలాగే స్పష్టంగా తిరుగుతూ ఉండేవాడు.

మా పెద్దసారు

నేను చేరిన కొత్తలో మా విభాగానికి పెద్దగా ఉన్నాయన కోస్తా వైపు మనిషి. ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్ళం. ఇక్కడి మాట నేర్చుకోవాలని ఆయనకు మహా పట్టుదల. నేర్చుకున్నంత వరకూ రోగుల మీద ప్రయోగించేవారు. కళ్ళు తిరుగుతున్నాయని ఎవరు వచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

“ఇల్లు తిరుగుతాండాదా, నువ్వు తిరుగుతాండావా?”

ప్రశ్న చాలా మంచిది. చుట్టూ ఉన్నది గిర్రున తిరిగితే ఒక దారి, లోపల తేలిపోయినట్టుంటే ఇంకో దారి. కానీ మన భాషలో మగవాణ్ణి పట్టుకుని నువ్వు తిరుగుతావా అంటే అర్థం వేరు. పక్కన పెళ్ళాం నిలబడి ఉన్నప్పుడు అసలే వేరు.

“నేనేంటికి తిరుగుతా సార్? సంసారం ఉండేవాణ్ణి,” అని కొందరు మంచం దిగిపోయేవారు. అంతలో భార్య అందుకునేది. “చెప్పు, సారు ఊరికే అడుగుతాడా? చెప్పు!”

ఒకాయన మాత్రం తల దించుకుని, “అది పెండ్లికి ముందర సార్. ఇప్పుడు మానుకున్యా,” అన్నాడు. పెద్దసారుకు ఆ జవాబు ఎంతో ఆసక్తి కలిగించింది. కలం తీసి, ఒక్కసారి మొదలైతే ఎంతసేపు ఉండేదని అడిగారు. “తెల్లారేదాకా సార్.” వాంతులయ్యేవా? “తాగినప్పుడు అయితాండె.” దానంతట అదే తగ్గిందా, మందులేమైనా వాడావా? “మా నాయన చెప్పు తీసుకున్యాడు సార్, ఆ పొద్దుతో తగ్గింది.” పెద్దసారు అంతా రాసుకున్నారు. నేను బయటికి పోయి గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆ రోగి భార్య నన్ను చూసి ఏడుస్తున్నాననుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

పెద్దసారు వెళ్ళిపోయాక ఆ ప్రశ్న నేను మానేశాను. ఏం తిరుగుతుందో, ఎటు తిరుగుతుందో నోటితో వద్దు, చేత్తో చూపించమనేదాన్ని. పిల్లలూ, మీరూ అదే చేయండి. చేయి అబద్ధం ఆడటం తక్కువ.

అయితే పెద్దసారు చెప్పిన ఇంకో మాట మాత్రం నేను చివరిదాకా వదల్లేదు. తిరుగుడు జబ్బుతో వచ్చినవాడి చెవిలోకి ఎంతసేపు తొంగి చూసినా ఏమీ దొరకదు, కంట్లోకి చూడు అనేవారు. లోపలి చెవిలో మనిషి తూలకుండా చూసుకునే భాగం ఒకటుంది. దానికీ కంటికీ గట్టి సంబంధం. అది పొరపాటు కబురు పంపితే కనుగుడ్డు నిజంగానే కదులుతుంది, మెలికలు తిరుగుతుంది. అంటే రోగి మొదటి నుంచీ చెబుతున్నది ఉన్నదున్నట్టు నిజం. కళ్ళు తిరుగుతున్నాయి. మనమే దాన్ని మాటవరసకు తీసుకుని బీపీ చూసి, షుగరు చూసి, సెలైను ఎక్కిస్తాం. తిరుగుతున్నాయంటున్న ఆ కళ్ళను తిరిగేటప్పుడు ఒక్కరమూ చూడం.

మెదడు కాగితం

పెద్దసారు తర్వాత వచ్చినాయనకు ప్రశ్నలడగడం అంటే విసుగు. ఎవరికి తల తిరిగినా స్కానింగుకు పంపేవారు. మెదడు బాగుందని కాగితం వచ్చేది. రోగికి తిరుగుడు తగ్గేది కాదుగానీ గౌరవం పెరిగేది. ఒక ఊరి మాజీ సర్పంచి ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. పంచాయితీలో ఎవరైనా ఎదురు మాట్లాడితే తీసి చూపించి, “నా మెదడు బాగుండాదని గవర్నమెంటు రాసిచ్చింది. నీ తావ ఉండాదా కాగితం?” అనేవాడట.

ఇక్కడ నవ్వు ఆపి ఒక మాట చెప్పాలి. తల తిరగడంతో పాటు మాట ముద్దగా వస్తున్నా, చేయో కాలో పట్టు తప్పినా, నిలబడలేకపోతున్నా, ఒకటికి రెండు కనపడుతున్నా, మునుపెన్నడూ లేని తలనొప్పి వచ్చినా చెవి సంగతి మరిచిపోండి. అప్పుడు స్కానింగే కావాలి, అప్పటికప్పుడు కావాలి. ఆ తేడా తెలియని డాక్టరు ఎంత మంచివాడైనా ప్రమాదమే.

అన్నీ చూసినా పేరు దొరకని తిరుగుడు కూడా ఉంటుంది. కల్లూరులోనే ఒక టీచరమ్మ ఏళ్ళ తరబడి నా దగ్గరికి వచ్చింది. చెవి బాగుంది, కన్ను బాగుంది, మెదడుకూ కాగితం ఉంది. బోర్డు మీద రాస్తూ రాస్తూ బల్ల పట్టుకునేది. నాకు తెలియడం లేదమ్మా అని చెప్పిన రోజు ఆమె కోపం తెచ్చుకోలేదు. “అందరూ టెన్షన్ అన్యారు మేడమ్. తెలీదని మీరే అన్యారు,” అని నా చేయి పట్టుకుంది. మెల్లగా నడక కసరత్తులు నేర్పాను, కొంత కుదుటపడింది. పేరు మాత్రం ఇప్పటికీ దొరకలేదు. తెలియనప్పుడు తెలియదనండి. నరాల బలహీనత అని మాత్రం అనకండి, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఓబులేసు మంచం

ఇక ఓబులేసు సంగతి. ఉద్యోగంలో నా చివరి ఏడాదుల్లో వచ్చిన మనిషి. గండికోటలో గైడు. కోట చూడ్డానికి వచ్చినవాళ్ళను పెన్నా లోయ అంచుదాకా తీసుకుపోయి, ఎక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడకూడదో చెప్పి, కథలు చెప్పి వెనక్కి తెచ్చేవాడు. యాభై దాటినవాడు. పెద్ద మీసాలు. నా గదిలోకి వచ్చినప్పుడు మాత్రం రెండు చేతులతో తలను పట్టుకుని, నిండు కుండ మోసుకొచ్చినట్టు వచ్చాడు. వెంట భార్య రామలక్ష్మమ్మ, ఆమె తమ్ముడు చంద్ర. చంద్రకు కమలాపురంలో ఎరువుల కొట్టు ఉంది. రోగి బదులు ఆయనే మాట్లాడాడు.

“మా బావకు లోయ తిరుగుడు మేడమ్.”

అలాంటి జబ్బు నేను వినలేదన్నాను. అప్పుడు ఓబులేసు తల కదిలించకుండా కళ్ళు మాత్రం నావైపు తిప్పి అన్నాడు.

“లోయ కాడ నాకు ఒగనాడూ తిరగలా మేడమ్. ఇంట్లోనే తిరుగుతాది. మంచం మీద.”

“అదే మేడమ్ మేము చెప్పేది,” అన్నాడు చంద్ర. “పగలంతా లోయను చూసి చూసి, ఆ తిరుగుడంతా కంట్లో నిలవుంటాది. పండుకున్యాక బయటికొస్తాది.”

ఇంత తెలివైన తప్పును నేను నా ఉద్యోగంలో మళ్ళీ వినలేదు.

జరిగిందేమిటంటే, ఒక పొద్దున ఓబులేసు మంచం మీద పక్కకు దొర్లగానే ఇల్లు గిర్రున తిరిగింది. వాంతి అయింది. కాసేపటికి సర్దుకుంది. దగ్గర్లో ఒక డాక్టరు సెలైను పెట్టి, బాగా పడుకుని విశ్రాంతి తీసుకో అన్నాడు. పడుకున్నాడు, మళ్ళీ తిరిగింది. విశ్రాంతి చాలలేదని ఇంకా పడుకోబెట్టారు, ఇంకా తిరిగింది. పాపం, లేచి తిరగాల్సిన మనిషిని ఇంటిల్లిపాదీ కాళ్ళూ చేతులూ పట్టుకుని పడుకోబెడుతూ వచ్చారు.

అప్పుడు చంద్ర వాస్తు చెప్పే పెద్దమనిషిని పిలుచుకొచ్చాడు. ఆయన మంచాన్ని చూసి, తూర్పున ఉన్న తలను పడమరకు తిప్పమన్నాడు. తిప్పారు. ఆ రోజు నుంచే తిరుగుడు చాలా తగ్గింది.

“శానా అంటే శానా తగ్గింది మేడమ్,” అంది రామలక్ష్మమ్మ. “ఆయప్ప చేతికి దండం పెట్టాల.”

దాంతో చంద్రకు ధైర్యం వచ్చింది. మంచం తిప్పితేనే ఇంత తగ్గితే వాకిలి తిప్పితే ఇంకెంత తగ్గాలి? వాకిలి తిప్పడానికి గోడ పగలగొట్టారు. గోడ పగిలింది గనక మంచాన్ని వసారా నడిమధ్యన వేశారు. తిరుగుడు రెట్టింపై తిరిగొచ్చింది. వాస్తు ఆయన వచ్చి చూసి, ఇల్లే మనిషిని వద్దంటోంది, ఊరు విడిచి పొమ్మన్నాడు. బావను కమలాపురం తీసుకుపోయారు. అక్కడైతే గుట్టలేదు, లోయలేదు, అంతా చదును. ఇంకా జాగ్రత్త కోసం నేల మీదే పరుపు వేసి, నాలుగు వైపులా దిండ్లు పేర్చారు. నేల మీద పడుకున్నవాడు ఇంకెక్కడికి పడతాడు? ఓబులేసు ఆ పరుపు మీద వెల్లకిలా పడుకుని, రెండు చేతులా నేల బండలు పట్టుకుని, “పట్టుకోండప్పా, పడిపోతాండా!” అని అరిచేవాడట. అందరూ వచ్చి నేల మీద ఉన్న మనిషిని కింద పడకుండా పట్టుకునేవారు. చివరికి అతను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, తువ్వాలుతో తనను తాను కిటికీ ఊచకు కట్టుకుని నిద్రపోవడం మొదలుపెట్టాడు. కూర్చుంటే తిరగడం లేదు మరి.

చంద్ర ఫోనులో వీడియో చూపించాడు. తిరుగుడు వచ్చినప్పుడు తీసింది. అందులో తిరుగుతున్న ఫ్యాను ఉంది, ఏడుస్తున్న రామలక్ష్మమ్మ ఉంది, వాకిట్లో పోగైన జనం ఉన్నారు, వెనక ఒక విషాదమైన పాట కూడా ఉంది. స్టేటస్‌లో పెట్టాడట. అతని కళ్ళేవయ్యా అని అడిగాను.

“కండ్లు యాడ కనపడ్తాయి మేడమ్, మూసుకున్యాడు గదా.”

నేను వీడియో పక్కన పెట్టి మంచం సంగతి అడిగాను. మొదట మంచం ఎలా ఉండేది? గోడ ఏ చేతివైపు? ఓబులేసు కళ్ళు మూసుకుని ఆలోచించి ఎడమ చేయి ఎత్తాడు. గోడవైపు ముఖం పెట్టి పడుకుంటావా, ఇవతలికి తిరిగి పడుకుంటావా? గోడకు ముఖం పెడితే అతనికి ఊపిరాడదట. అంటే కుడి పక్కకు తిరిగి పడుకునేవాడు. తల పడమరకు తిప్పాక అదే గోడ కుడివైపుకు వచ్చింది, మనిషి ఎడమ పక్కకు తిరిగాడు. వాస్తు ఆయన తిప్పింది మంచాన్ని కాదు, ఓబులేసును. జబ్బు కుడి చెవిలో ఉంది. గోడ పగలగొట్టి మంచం నడిమధ్యన వేశాక మళ్ళీ కుడికి దొర్లడం మొదలైంది. కమలాపురం పరుపు మీద అడ్డు గోడే లేదు.

ఇదంతా చెప్పాను. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. చంద్ర తల ఊపి, “అయితే వాస్తు కరెక్టే గదా మేడమ్,” అన్నాడు.

రాయి ఏది?

ఈ గోల మధ్యలో అసలు సంగతి నాకు అప్పటికి గాని తెలియలేదు. చంద్ర తన కొట్లో బావకు చోటు సిద్ధం చేశాడు. గల్లాపెట్టె దగ్గర కుర్చీ కూడా వేశాడట. ఇక లోయ వైపు పోనివ్వరాదని ఇంట్లో తీర్మానం అయిపోయింది. రామలక్ష్మమ్మ కూడా ఒప్పుకుంది. ఆ మాట చెబుతుంటే ఓబులేసు మీసాలు వణికాయి.

“ఎరువుల మూటల నడమ కూచోని సచ్చేదానికి నేను రెడీగా లేను మేడమ్. తిరుగుడుంటే ఉండనీ. నన్ను ఆడికి పోనిస్తే చాలు.”

వైద్యం కోసం వచ్చేవాళ్ళు మామూలుగా జబ్బు పోవాలంటారు. జబ్బు ఉన్నా సరే తన పని తనకు కావాలన్నాడు ఓబులేసు. కొంచెం గట్టిగానే, బల్ల మీద కూర్చో, ఏం జరిగినా కళ్ళు మూయొద్దు అన్నాను.

మెడ నొప్పులూ అవీ లేవని కనుక్కున్నాక, తలను రెండు చేతులతో పట్టుకుని కుడికి తిప్పి, ఒక్క ఊపున వెనక్కి పడుకోబెట్టాను. తల బల్ల అంచు కిందికి కొంచెం వేలాడాలి. చూసేవాళ్ళకు అది వైద్యంలా ఉండదు, కొట్లాటలా ఉంటుంది. ఒకటి రెండు ఊపిరుల దాకా ఏమీ లేదు. తర్వాత మొదలైంది. కనుగుడ్లు రెండూ మెలిపెట్టినట్టు తిరిగాయి. ఓబులేసు నా చేయి విరిగేంతగా పట్టుకున్నాడు. రామలక్ష్మమ్మ వంగి భర్త ముఖంలోకి చూసి కేక పెట్టింది.

“ఓ యమ్మా! నిజంగానే తిరుగుతాండాయి కండ్లు!”

ఆవిడ అంతకాలం ఆ మాట వింటూనే ఉంది. చూడడం అదే మొదలు.

చంద్ర నా భుజం పట్టి లాగాడు. “వదలండి మేడమ్, సచ్చిపోతాడు!”

“గమ్మునుండు. లేకుంటే నిన్ను గూడా పండబెడ్తా,” అన్నాను. ఒక అడుగు వెనక్కి వేశాడు.

తిరుగుడు నెమ్మదించాక తలను ఎడమకు తిప్పి, ఆగి, మనిషిని పక్కకు దొర్లించి, ఆగి, మెల్లగా లేపి కూర్చోబెట్టాను. అంతే వైద్యం. మందూ లేదు, సూదీ లేదు. మళ్ళీ పడుకోబెట్టి చూస్తే కళ్ళు నిలకడగా ఉన్నాయి. ఓబులేసు కప్పు వైపు చూస్తూ చాలాసేపు అలాగే పడుకున్నాడు. లేవమంటే, కొంచెం ఉండనీ మేడమ్, పండుకోని శానా రోజులయింది అన్నాడు.

ఏం జరిగిందో చెప్పాలి కదా. లోపలి చెవిలో సన్నటి సున్నపు రవ్వలుంటాయి, అవి ఉండాల్సిన చోటు నుంచి జారి పక్క గొట్టంలో పడ్డాయి, తలను తిప్పి వాటిని మళ్ళీ చోటికి పంపాను అని చెప్పాను. సులువుగా ఉంటుందని రాళ్ళలాంటివి అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“మా ఊరంతా రాళ్ళే మేడమ్,” అంది రామలక్ష్మమ్మ. “గాలికి ఒగటి పోయుంటాది చెవిలోకి.”

“ఆ రాయి ఈండి మేడమ్,” అన్నాడు చంద్ర. కిడ్నీలో రాయి తీసినప్పుడు వాళ్ళ చిన్నాయనకు సీసాలో వేసి ఇచ్చారట. “మా వాండ్లకు చూపియ్యల్ల.”

బయటికి రాలేదు, లోపలే దాని చోటికి పోయిందన్నాను.

“లోపలే ఉండాదంటే మల్ల జారదా?”

జారవచ్చు. కొందరికి మళ్ళీ వస్తుంది. వస్తే మళ్ళీ ఇలాగే పంపవచ్చు. అబద్ధం చెప్పలేక ఉన్నమాట చెప్పాను. చంద్ర బావవైపు తిరిగి, “వింటివా బావా? ఇంగ కొట్టుకే,” అన్నాడు.

లోయ అంచున తిన్నగా నిలబడినవాడికి ఇది రాదు, పడుకుంటే, దొర్లితే, తల పైకెత్తితే వస్తుంది అని వివరించాను. కొన్నాళ్ళు అంచు దగ్గరికి పోవద్దు, మళ్ళీ వచ్చి చూపించు, బాగుంటే నేనే పంపిస్తానని ఓబులేసుకు మాటిచ్చాను. చెప్పినట్టే వచ్చాడు. కుడికీ ఎడమకూ పడుకోబెట్టి చూశాను. కళ్ళు కదల్లేదు. తల పైకెత్తించి చూశాను. ఏమీ లేదు. ఇక పో, నీ లోయకు నువ్వు పో అన్నాను.

బావ వెంట వచ్చిన చంద్ర లేచి నిలబడ్డాడు. ఈసారి అతని గొంతులో వెటకారం లేదు, భయమే ఉంది.

“మీరు ఈ గదిలో కూచోని పో అంటారు మేడమ్. ఆడ అంచున నిలబడేది మా బావ. ఆయప్పకేమన్నా అయితే మా అక్క గతేంటి? మీకంత నమ్మకముంటే వచ్చి పక్కన నిలబడండి.”

నాకు చాలా కోపం వచ్చింది. అందులో న్యాయం ఉండడం వల్ల ఇంకా ఎక్కువ వచ్చింది. వస్తానన్నాను.

తాడు

నాకు ఎత్తులంటే భయం. మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు కూడా పిట్టగోడ దగ్గరికి పోను. గండికోటకు వెళ్ళిన ఆదివారం నాడు లోయకు బాగా ఇవతలే ఒక పెద్ద బండకు ఆనుకుని నిలబడ్డాను. అక్కడి నుంచి ఓబులేసు వీపు కనపడుతోంది. వీపుతో పాటు తాడు కూడా కనపడింది. బోరు మోటారు దించే లావుపాటి తాడు. చంద్ర దాన్ని బావ నడుముకు కట్టి, రెండో కొసను ఇంటిమనుషుల చేతికిచ్చాడు. మేనమామలూ, అన్నదమ్ములూ కాళ్ళు నేలకు తన్నిపెట్టి, తేరు లాగడానికి సిద్ధమైనట్టు వరసగా నిలబడ్డారు. చిట్టచివర రామలక్ష్మమ్మ తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకుని కూర్చుంది.

ఓబులేసు ఆ తాడుతోనే యాత్రికులకు కోట కథ చెబుతున్నాడు. కథ ఎవరూ వినడం లేదు. అందరి చూపూ తాడు మీదే. టోపీలు పెట్టుకున్న కుర్రకారు గుంపు ఒకటి వచ్చి, ఈ తాడు ఆటకు టికెట్ ఎక్కడిస్తారని నన్ను అడిగింది. ఆట కాదు బాబూ, వైద్యం అన్నాను. వైద్యానికైనా సరే, మాక్కూడా కట్టమన్నారు. చంద్ర వాళ్ళను తరుముతుంటే, వాళ్ళ వెనక ఇంకో కుటుంబం వచ్చి వరసలో నిలబడింది.

అప్పుడు గుయ్యిమని చప్పుడు. ఎవరో డ్రోన్ ఎగరేశారు. అది సరిగ్గా ఓబులేసు నెత్తి మీదికి వచ్చి ఆగింది. అందరూ తలలు పైకెత్తారు. ఓబులేసు కూడా ఎత్తాడు, కుడివైపుకు తిప్పి మరీ ఎత్తాడు.

గదిలో ఎన్నిసార్లు చూసినా అది గది. ఇక్కడ అతని కాళ్ళ ముందు నేల లేదు. ఏదైనా జరిగితే అతన్ని ఇక్కడికి పంపింది నేనే. బండను పట్టుకుని, ఒకటి రెండు ఊపిరులు ఆగితే గాని తిరుగుడు మొదలు కాదన్న సంగతి నాకు తెలుసు గనక, ఆ ఊపిరులు నేను పీల్చలేదు. తాడు పట్టుకున్నవాళ్ళు తాడు సంగతే మరిచి డ్రోన్‌కు చేతులూపుతున్నారు. చంద్ర కూడా ఊపుతున్నాడు.

ఓబులేసు తల అలాగే ఎత్తి ఉంచాడు. కాళ్ళు కదల్లేదు. మెల్లగా తల దించి, “దాన్ని అవతలికి తీసుకపో నాయనా, గాలి ఎక్కువుండాది, లోయలో పడితే నాది పూచీ కాదు,” అని ఆ కుర్రవాడికి చెప్పి, ఆగిన చోటు నుంచి మళ్ళీ కథ ఎత్తుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడలేదు.

తాడు కొస ఒక్క రామలక్ష్మమ్మ చేతిలోనే మిగిలింది. ఆవిడ లేచి, తాడును మోచేతికి చుట్టుకుంటూ, తాడు వెంబడే నడుస్తూ భర్త దగ్గరికి పోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అంచు దాకా ఎన్నడూ రాలేదట, ఇంటి పనితోనే సరిపోయిందట. ఓబులేసు ఆమె మోచేయి పట్టుకుని, ఎక్కడ కాలు పెట్టాలో చూపించాడు. ఆమె కిందికి చూసింది. ఎర్రటి బండల మధ్య అడుగున పెన్న, అవతలి ఒడ్డున మేకలు. చాలాసేపు చూసింది.

“ఇంతేనా?” అంది.

ఓబులేసు ముఖం చిన్నబోయింది. ఆమె అక్కడే బండ మీద చతికిలబడి, అతని నడుముకున్న ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి గట్టిగా పడింది, పళ్ళతో కొరికి విప్పింది.

“అక్కా, ఇంగ లే,” అని వెనక నుంచి చంద్ర అరిచాడు. “పొద్దుపోతాండాది. బావను తీసుకోని పోదాం.”

రామలక్ష్మమ్మ తాడును చుట్టచుట్టి తమ్ముడివైపు విసిరింది. తల తిప్పకుండానే చెప్పింది.

“నువ్వు పో చంద్రా. కొట్లో కూచునేదానికి ఇంగొగ మనిషిని చూసుకో.”